గుమ్మం బయట నిలబడి కొలిచిన ఇల్లు

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెబుతాను. ఒక ఇంటి ముందు వీధిలో నిలబడి, ఆ ఇల్లు వరద నుంచి పూర్తిగా కోలుకుందని రాశాను. లోపలికి రమ్మన్నారు. వెళ్లలేదు.

మున్నేరు ఊళ్ల మీదికి వచ్చిన ఏడాది, డిసెంబరు మూడో వారం అది. అప్పుడు నేను నందిగామ డివిజన్‌లో ఉప గణాంకాధికారిని. కాపురం జగ్గయ్యపేటలో. రోజూ బస్సులో నందిగామ వెళ్లి వచ్చేవాణ్ణి. సొంత ఊరు చందర్లపాడు పక్కన. మాది భూమి ఉన్న కుటుంబం. ఈ చివరి మాట ఊరికే రాయడం లేదు, తర్వాత దానితో పని ఉంది.

గణాంక శాఖలో నా సర్వీసు చాలా భాగం పంట కోత ప్రయోగాల్లో గడిచింది. పొలంలో చీటీ తీసి ఒక చోటు ఎంచుకుని, చుట్టూ తాడు కట్టి, అందులో పండిన పంటను కోయించి తూకం వేస్తాం. మండలం దిగుబడి అలా తేలుతుంది. మబ్బు పట్టినా, రైతు విసుక్కున్నా, తాడు కట్టాల్సిన చోటే కట్టేవాణ్ణి. గట్టు మీద నిలబడి చేను చూసి దిగుబడి రాసే వాళ్లను మెమోలతో వేధించిన పేరు నాకుంది.

వరద వచ్చిన ఏడాది మాకు కొత్త పని అప్పగించారు. నష్టం లెక్కకట్టడం రెవెన్యూ వాళ్ల పని, అది నీళ్లు తీసిన కొద్ది రోజుల్లోనే అయిపోయింది. మేం కొలవాల్సింది వేరు. ఒక ఊరికి దెబ్బ తగిలితే ఎంత కిందికి పడింది, మళ్లీ పాత స్థితికి ఎంత కాలంలో చేరింది అన్నది చూడాలి. మొదటిదాన్ని తట్టుకోవడం అన్నారు, రెండోదాన్ని కోలుకోవడం అన్నారు. ఇల్లు, పని, తిండి, పిల్లల చదువు, ఇరుగుపొరుగు సాయం అనే అంశాలు తీసుకుని, ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, ఒక్కో అంశానికి ‘కోలుకోలేదు’, ‘కొంత’, ‘పూర్తిగా’ అని మార్కు వేయాలి. వీధి వీధికీ సగటు తీస్తారు. సగటు తక్కువ వచ్చిన వీధులకు రెండో విడతలో ఇళ్ల మరమ్మతు సాయం ముందుగా అందుతుంది. కాబట్టి మేం వేసే మార్కు కాగితం మీద ఆగిపోయే మార్కు కాదు.

ఇంటి అంశానికి మార్కు వేసే ముందు సర్వేయరు లోపలికి వెళ్లి గోడలు, నేల, వంట చేసుకునే చోటు చూడాలని సూచనల్లో ఉంది. ఆ సూచనలను తెలుగు చేసింది నేనే.

ఆ ఊరి పేరు రాయను. హైవేకి లోపలగా, మున్నేటి ఒడ్డున ఉంటుంది. సిబ్బంది చాలక ఆ ఊరికి సర్వేయరుగా నేనే వెళ్లాను. తోడుగా ఊరి సచివాలయంలో పనిచేసే జ్యోతి వచ్చింది. కంచికచర్ల అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ట్యాబ్‌లో ఫొటోలు తీయడం, నేను చెప్పిన మార్కు నమోదు చేయడం ఆమె పని. మార్కు నిర్ణయం, సంతకం నావి.

పొద్దున రైతుల వీధిలో, నాకు వరసకు బాబాయ్ అయ్యే ఆయన ఇంట్లో మొదలుపెట్టాం. ఆయన అరుగు మీద నుంచే అందుకున్నాడు.

“ఏరా, మునిగినప్పుడు రాలా, ఆరిపోయాక వచ్చావా?”

“ఆరిందో లేదో చూడ్డానికే వచ్చా బాబాయ్.”

“అయితే లోపలికి రా. మీ పిన్ని ఇంకా పరుపులు ఎండబెడతానే ఉంది. ఆ పరుపుల కన్నా నేనే ముందు ఎండిపోయేట్టున్నా.”

ఇల్లంతా తిప్పి చూపించాడు. గదిలో దేవుడి పటాల ఎత్తున నీటి గీత. బీరువా అడుగు తుప్పు పట్టింది. పెరట్లో మోటారు విప్పి పడేసి ఉంది. కొట్టంలో నిరుటి మిరపకాయలు నల్లటి ముద్దలై, ఎత్తి పారబోసినా వాసన పోలేదు. వంటింట్లో కూర్చోబెట్టి పిన్ని కాఫీ ఇచ్చింది. ఆ వీధిలో ఎంపిక చేసిన ప్రతి ఇంట్లోనూ ఇలాగే లోపలికి వెళ్లాం, గోడలు తట్టి చూశాం. ‘కొంత’ అని కొన్నిటికి, ‘కోలుకోలేదు’ అని కొన్నిటికి వేశాను. ఆ మార్కుల్లో తప్పు లేదు. ఇప్పుడు వేసినా అవే వేస్తాను.

భోజనం అయ్యాక ఎస్సీ కాలనీకి వెళ్లాం. క్రిస్మస్ దగ్గర పడింది. కాలనీ మొదట్లోనే పచ్చి సున్నం వాసన తగిలింది. జగ్గయ్యపేట వైపు బట్టీల నుంచి తెచ్చిన సున్నం బస్తాలు చర్చి గోడకు ఆనించి ఉన్నాయి. ఇళ్ల ముందు గోడలన్నీ ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. ప్రతి గుమ్మం మీదా రంగు కాగితపు నక్షత్రం. చర్చిలో పిల్లలు పాటలు సాధన చేస్తున్నారు. పొద్దుటి వీధిలోని మురుగు, తుప్పు చూసి వచ్చిన కళ్లకు అది వరద చూడని ఊరిలా కనిపించింది.

చర్చి పెద్దలు వరండాలో కుర్చీలు వేయించారు. ఎవరో దుకాణానికి పరుగెత్తి కూల్‌డ్రింకు సీసాలు తెచ్చి, మా ముందే మూత తీసి ఇచ్చారు. తాగాను. మర్యాద చేశారనుకున్నాను. మా ఇళ్ల వాళ్లు కాలనీ ఇళ్లలో కాచిన టీ తాగరని వాళ్లకు తెలుసు. అడిగి వద్దనిపించుకోవడం ఎందుకని, మూత తీయని సీసా తెప్పిస్తారు. నా చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతే. ఎన్నో ఊళ్లలో అలాంటి సీసాలు తాగాను కానీ, అది దేనికి బదులుగా వచ్చిందని ఎప్పుడూ ఆలోచించలేదు.

కొన్ని ఇళ్ల వాళ్లను వరండాకే పిలిపించి అడిగాం. తర్వాత వీధి వెంట నడిచాం. సువార్తమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆమె వాకిట్లో చేతులు కడుక్కుంటోంది. యాభై దాటిన మనిషి. భర్త లేడు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మోచేతుల దాకా సున్నం మరకలు ఉన్నాయి.

“రండి సారూ, లోపలికి రండి. రా అమ్మాయ్,” అంది.

“పర్లేదమ్మా, ఇక్కడ ఎండ హాయిగా ఉంది,” అన్నాను.

“ఇల్లు బాగుచేసుకున్నారా?” అని అడిగాను.

“సున్నం కొట్టానండి. నేనే కొట్టా. పండగ కదా.”

“మరి ఇప్పుడెలా ఉన్నారు?”

“దేవుడి దయండి. బాగానే ఉన్నాం.”

పని గురించి అడిగాను. బడి తెరవగానే వంట మొదలైందని చెప్పింది. నేను ‘పూర్తిగా’ అన్నాను. జ్యోతి ట్యాబ్ మీద వేలు పెట్టకుండా నా వైపు చూసి, మెల్లగా అడిగింది.

“సార్, ఒకసారి లోపల చూద్దామాండి?”

“కనపడతానే ఉందిగా అమ్మా. ముందు గోడ ఫొటో తియ్యి, ఇంకా ఇళ్లున్నాయి.”

ఆమె ఫొటో తీసింది. తెల్లటి గోడ, నీలం తలుపు, పైన నక్షత్రం. ఆ వీధిలో మిగతా ఇళ్లన్నిటికీ దాదాపు అదే మార్కు, అలాంటి ఫొటోనే.

లోపలికి ఎందుకు వెళ్లలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. పొద్దుపోతోందన్నది నిజం కాదు, చాలా పొద్దు ఉంది. నేను అంటరానితనం పాటించే మనిషిని కాదనుకునేవాణ్ణి. ఆఫీసులో అందరితో కలిసి తినేవాణ్ణి. ఆ ఇళ్లలోకి వెళ్లొద్దని మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. మా ఊళ్లో నాన్న అలాంటి వీధిలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే మనుషులే బయటికి వచ్చేవాళ్లు. నేనూ అలాగే నిలబడ్డాను. వాకిట్లో ఆగిపోవడం నాకు తప్పుగా తోచకపోవడమే కాదు, ఆగినట్టు కూడా తోచలేదు.

ఫిబ్రవరిలో నందిగామలో సమీక్ష సమావేశం జరిగింది. ఆ ఊరి గ్రాఫులో రైతుల వీధి గీత కిందే ఉంది, కాలనీ గీత నిటారుగా పైకి లేచింది. దాని మీద నేను ఒక పేరా రాశాను. పోగొట్టుకోవడానికి ఆస్తి తక్కువ ఉన్నవాళ్లు త్వరగా పాత స్థితికి చేరతారని, దానికి కలసికట్టు జీవనం, విశ్వాసం తోడయ్యాయని. పై అధికారి ఆ పేరాను చదివి వినిపించి బాగుందన్నారు. నాకు సంతోషమైంది. ఆ సంతోషం ఇంకా గుర్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మరమ్మతు సాయం రెండో విడత జాబితాలో కాలనీ రాలేదు.

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన కొట్టింది. పెద్ద వాన కాదు. మర్నాడు పొద్దున జ్యోతి ఫోన్ చేసింది.

“సార్, సువార్తమ్మగారింట్లో వెనక గోడ పడిపోయిందండి. ఆమె చెయ్యి విరిగింది. నందిగామ ఆసుపత్రిలో చేర్చారు.” ఆ వెంటనే, “మనం పూర్తిగా అని వేసిన ఇల్లేనండి,” అంది.

‘మనం’ అంది. ఆ మాట అనాల్సిన అవసరం ఆమెకు లేదు.

ముందు ఊరికి వెళ్లాను. ఆ రోజు మొదటిసారి ఆ గుమ్మం దాటాను. నిలబడ్డ చోటు నుంచి వెనక గోడ పడిన ఖాళీ, దాని అవతల పెరడు కనిపించాయి. పునాది దగ్గర మట్టిని వరద కోసుకుపోయింది. గోడ అప్పుడే బీటలిచ్చి లోపలికి ఒరిగిందట. పండగకు ముందే ఒక తాటి దూలం ఆనించి నిలబెట్టారు. ఆ దూలం ఇటుకల కింద పడి ఉంది. సున్నం ముందు గోడకే వేశారు, వెనక్కి చాల్లేదు. పక్కిళ్లలోకీ వెళ్లాను. ఒకచోట దూలం, మరోచోట మంచం కోడు, ఇంకోచోట బస్తాల్లో నింపిన ఇసుక. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే మట్టి పొడిలా రాలింది. డిసెంబరులో ఏ గుమ్మం దాటినా ఇవన్నీ కనపడేవి. వెతకాల్సిన పని కూడా లేదు.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లాను. సువార్తమ్మ కుడి మోచేతికి కట్టు ఉంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

నా మనసులో ఉన్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది మరొకటి. “గోడ ఒరిగిందని ఆ రోజు చెప్పొచ్చు కదమ్మా?” అన్నాను. అది నా రెండో తప్పు.

ఆమె కోప్పడలేదు. “లోపలికి వస్తే మీరే చూస్తారనుకున్నానండి. మీరు రాలా. పండగ పూట వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి కష్టాలు చెప్పుకుంటామా?” అంది. “ఇంతకీ ఆ రోజు ఏం రాసుకున్నారండి?” అని అడిగింది.

చెప్పాను. పూర్తిగా కోలుకున్నారని రాశానని, అందువల్ల సాయం రాలేదని.

ఆమె కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది. “సున్నం అంత బాగా కొట్టకుండా ఉండాల్సింది,” అంది. పక్క మంచం మీది ఆమె నవ్వింది. సువార్తమ్మ నవ్వలేదు. “మళ్లీ అన్నం డేగిసా ఎత్తగలనాండి?” అని నన్నే అడిగింది, డాక్టరును అడిగినట్టు.

ఆఫీసుకు వచ్చి మా జిల్లా అధికారికి విషయం చెప్పాను. నాకన్నా వయసులో చిన్నవాడు, మంచివాడే. కాలనీకి మళ్లీ సర్వే చేయించడానికి వెంటనే ఒప్పుకున్నాడు. అయితే కారణం రాయాలి కదా. “నమోదులో పొరపాటని రాయండి, సరిపోతుంది. ఏడాదిలో రిటైరవుతున్నారు, మీ మీదికి ఎందుకు తెచ్చుకుంటారు?” అన్నాడు. నమోదు చేసింది జ్యోతి. ఆయన ఆమె పేరు ఎత్తలేదు, కానీ ఆ మాటకు అర్థం అదే. ఆమె ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు.

కారణం రాయాల్సిన ఆ కాగితాన్ని రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. వెంటనే రాసి ఇచ్చానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ, ఇవ్వలేదు. పింఛను గురించి ఆలోచించాను. జ్యోతిది చిన్న వయసు, ఒక మెమోతో పోయేదేముంది అనీ ఆలోచించాను. మూడో రోజు జ్యోతి వేరే పని మీద ఆఫీసుకు వచ్చింది. రెండు రోజులుగా ఏమీ జరగలేదని ఆమెకు తెలుసు.

“సార్, మళ్లీ సర్వేకి నన్నే పంపుతారాండి? ఈసారి నేను లోపలికెళ్తా,” అంది.

ఆ రోజే రాసి ఇచ్చాను. నమోదు సక్రమంగానే జరిగిందని, లోపల చూద్దామని సహాయకురాలు అడిగినా సర్వేయరుగా నేనే వద్దన్నానని, కాలనీలో ఇంటి అంశానికి నేను వేసిన మార్కులేవీ చెల్లవని రాశాను. ఫిబ్రవరిలో మెచ్చుకున్న పేరాను కూడా ఉపసంహరించుకున్నాను. తర్వాత నాకు మెమో వచ్చింది, సంజాయిషీ అడిగారు, నా సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం చేరింది. అది న్యాయమే.

మళ్లీ సర్వేకు నన్ను పంపలేదు, పంపకూడదు కూడా. వేరే డివిజన్ అధికారితో జ్యోతి వెళ్లింది. కాలనీ గీత దిగాల్సిన చోటికి దిగింది. తర్వాతి విడతలో మరమ్మతు సాయం వచ్చింది. కొన్ని ఇళ్లకు వానలకు ముందు, కొన్నిటికి వానలు పోయాక. సువార్తమ్మ ఇంటికి ఇటుక, సిమెంటుతో వెనక గోడ లేచింది. కానీ ఆమె మోచెయ్యి పూర్తిగా చాచడానికి రాలేదు. బడిలో వంట పని ఇంకొకరికి వెళ్లిపోయింది. అదే బడిలో ఆయా పని ఖాళీ అయినప్పుడు ఆమె అర్జీ నేను రాశాను. నందిగామ ఆఫీసులో ఆమెతో పాటు బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూశాను, ఒకసారి కాదు. మొదటి ఏడాది ఆ పని రాలేదు. రెండో ఏడాది వచ్చింది. వంట మనిషి మాటకు బడిలో ఉండే విలువ ఆయా మాటకు ఉండదు. ఆ తేడాను నేను పూడ్చలేకపోయాను.

ఆ ఉత్తర్వు పట్టుకుని కాలనీకి వెళ్లిన రోజు ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది. “సీసా తెప్పించమంటారా, టీ తాగుతారా?”

“టీ ఇవ్వమ్మా.”

“అయితే లోపలికి రావాలి. వీధిలోకి తెచ్చి ఇవ్వను.”

లోపల కూర్చుని తాగాను. క్షమించానని ఆమె అనలేదు, నేను అడగలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత, ఇలాంటి సర్వేలకు వెళ్లే కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి పిలిస్తే ఒక షరతు మీద ఒప్పుకున్నాను. సర్వే ఫారంలో ఒక కొత్త ప్రశ్న చేర్చాలి. అది ఇంటివాళ్లను అడిగేది కాదు, సర్వేయరు తన గురించి తానే నింపాల్సింది. ‘ఈ మార్కు వేసినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు? ఇంటి లోపల, గుమ్మం దగ్గర, వీధిలో.’ మొదటిది కాక వేరే ఏది గుర్తు పెట్టినా ఆ ఇంటి మార్కు సగటులో కలవదు. కొంత వాదన జరిగాక ఒప్పుకున్నారు.

ఒక ఊరు దెబ్బను ఎంత తట్టుకుందో, ఎంత కోలుకుందో కొలవడానికి పద్ధతులు చాలా ఉన్నాయి, ఇంకా మంచివి వస్తాయి. కొలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది కూడా ఆ కొలతలో భాగమేనని ఆ కాలనీలో తెలుసుకున్నాను. పొలంలో తాడు కట్టినన్నాళ్లూ ఇది నాకు తెలుసు. గట్టు మీద నిలబడి దిగుబడి రాసిన వాళ్లకు మెమోలు ఇచ్చింది నేనే. ఒక వీధికి వచ్చేసరికి తెలిసింది పనికి రాలేదు.

శిక్షణకు వచ్చిన ప్రతి బృందానికీ ముందుగా ఒక ఫొటో చూపిస్తాను. తెల్లటి గోడ, నీలం తలుపు, పైన నక్షత్రం. ఇంటికి మార్కు వేయమంటాను. చాలామంది ‘పూర్తిగా’ అంటారు. అప్పుడు బోర్డు మీద ఆ పాత ఫారం గీసి, సర్వేయరు పేరు దగ్గర నా పేరు రాసి, కింద కొత్త ప్రశ్న కూడా చేర్చి, దానికి నా జవాబు నింపుతాను. వీధిలో.